గుప్పెడు బియ్యం ముంత

ఆమె పేరు నేను చెప్పను. చెబితే ఆమెకు నచ్చదు. వాళ్ల యేసు ప్రార్థనల మందిరానికి ఆమె ఒక గోడ గడియారం ఇచ్చింది. దాని కింద పేరు రాయిస్తామని పాస్టరు అయ్యగారు అంటే, "పేరు ఆయనది, పని మనది. టైము సూపించేది గడియారం. ఆడ నా పేరెందుకు, ముల్లుకి అడ్డంగా?" అన్నది. అట్లాంటి మనిషి పేరు ఇప్పుడు నేను రాయించడం బాగుండదు. మా వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్క. నాకూ అక్కే. నాకు సంతకం వరకే వచ్చు కాబట్టి నేను చెబుతూ ఉన్నాను, మనవరాలు రాస్తూ ఉంది.

పోయిన మంగళవారం ఆమె జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ఆమె పోయి నలభై రోజులు. ముందు రోజు ఆమె కూతురు సూళ్లూరుపేట నుంచి వచ్చి, సంచి కూడా దించకుండా మా గడపలో నిలబడింది.

"చిన్నమ్మా, రేపు నువ్వు మా అమ్మ గురించి నాలుగు మాటలు చెప్పల్ల."

"నేనా? నేను గంగమ్మకి మొక్కేదాన్ని. మీ మందిరంలో నేనేం చెప్పేది పాపా?"

"నేను అత్తగారింటికి పొయ్యినంక ఆమెకి బిడ్డవైనా, చెల్లెలివైనా నువ్వే గదా. నువ్వు చెప్పకపోతే టీచరమ్మ ఒక్కతే చెప్తాది. ఆయమ్మ ఎవురి గురించి మొదలుపెట్టినా ఆయమ్మ గురించే ముగిస్తాది."

ఇద్దరం నవ్వుకున్నాం. సరే వస్తానని చెప్పి పంపించాను. ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు. తొమ్మిదేళ్లుగా నా దగ్గర ఒక మాట ఉండిపోయింది. దాన్ని బయటపెడితే అక్క మీద పడిన మచ్చ పోతుంది. బయటపెట్టవద్దని నా చేత ఒప్పించుకున్నదీ అక్కే. ఆ మాటను మోసుకునే మందిరానికి పోయాను.

ముందు బల్ల మీద, తెల్ల చామంతుల మధ్య ఆమె ఫోటో పెట్టారు. తల మీద కొంగు కప్పుకొని, చేతులు ఒడిలో పెట్టుకొని ఊరికే కూర్చుని ఉంది. నేను చూసిన అక్క కొంగు ఎప్పుడూ నడుముకు చెక్కి ఉండేది. ఊరికే కూర్చోగా ఆమెను నేను చూసింది ఒక్కసారే. ఆ ఒక్కసారి గురించి చెప్పాలనే ఇదంతా.

ఎండాకాలంలో మేమిద్దరం పూతలపట్టు కూడలి దగ్గర చింతపండు కొట్టంలో పనికి పోయేవాళ్లం. కాయ పగలగొట్టడం, పీచు లాగడం, ఇనుప కడ్డీతో తట్టి పిక్కలు తీయడం. ఆమె ఒక్కో కాయకు ఒక్కో ఇంటి కోసం ప్రార్థన చేసేది. పెదాలు కదిలేవి, చేయి ఆగేది కాదు. ఊరి మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టి వరసగా ఇల్లిల్లూ పోయేది. మందిరం వాళ్ల ఇళ్లు, మా ఇళ్లు, సాయిబుల ఇళ్లు, గంగమ్మ పూజారి ఇల్లు, ఒక్కటీ వదిలేది కాదు. కొట్టంలో ఆడవాళ్లు ఆమెను ఆట పట్టించేవాళ్లు.

"ఏమక్కా, మా ఇంటికి వచ్చినాదా నీ ప్రార్థన?"

"ఇంకా మీ వీధిలోకే రాలా. మలుపు కాడ అన్నదమ్ముల కొట్లాట ఉండాది. అది ఇడిపించేదానికి ఆయనకి టైము పడతాది."

"మా ఆయన తాగుడు గురించి గట్టిగా చెప్పక్కా."

"మీ ఆయన కోసరం రెండు కాయలు కొట్టినా మే. సాలకపోతే రేపు మూడు కొడతా."

అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని. కానీ నా ఇల్లు ఎన్నో వరసలో వస్తుందో నాకు తెలుసు. అది దగ్గరపడినప్పుడు నా చేతిలో కాయ ఆగిపోయేది. ఆమె నా వైపు చూసేది కాదు. పిక్క ఎగిరి పడేది, ఆమె చేయి తర్వాతి కాయ మీదికి పోయేది. అప్పుడు నేను మళ్లీ పని మొదలుపెట్టేదాన్ని. నా దేవత వేరు, ఆమె దేవుడు వేరు. అయినా పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఎవరో నా ఇంటి ముందు ఆగి, లోపల అంతా బాగుందా అని చూసి పోయినట్టు ఉండేది.

ఆమె నా గడప ముందు నిజంగానే ఆగిన రోజులు ఉన్నాయి. నా మొగుడు పోయినప్పుడు నాకు ముప్పై రెండేళ్లు. గాజులు తీసేసిన తర్వాత, పొద్దున్నే నా ముఖం ఎదురైతే జనం పక్కకు తిరిగేవాళ్లు. ఎందుకొచ్చిన బాధ అని, అందరూ పనులకు పోయేదాకా నేనే తలుపు వేసుకొని ఉండేదాన్ని. కర్మ ముగిసిన మరునాడు తెల్లవారగానే అక్క వచ్చి తలుపు తట్టింది.

"బయటికి రా మే. నీ మొకం సూసి పోవల్ల నేను."

"పనికి పోయేదానివి. నా ఎదురు ఎందుకక్కా నీకి?"

"నాకి ఉండేది ఒకటే శకునం. పక్కింటి మనిషి బతికుండాదా లేదా. బతికుండావు. పోయొస్తా."

మరునాడూ వచ్చింది. ఆ మరునాడూ వచ్చింది. వానలో గోనెపట్ట కప్పుకొని వచ్చింది. తనకు జ్వరం వచ్చిన రోజు గోడ అవతల నుంచి పిలిచి, నా తల గోడ మీదుగా కనిపించేదాకా ఒప్పుకోలేదు. ఒకరోజు పాలతను మలుపులో నన్ను చూసి సైకిలు వెనక్కి తిప్పాడు. అక్క అతన్ని వదల్లేదు.

"ఏమప్పా, ఆమెను సూస్తే నీ పాలు ఇరిగిపోతాయా? అన్ని నీళ్లు పోసినంక అవి ఎట్ల ఇరుగుతాయి? దా, ధైర్యంగా దా."

వీధంతా నవ్వింది. పాలతనికీ నవ్వు ఆగలేదు. ఆ తర్వాత అతను రోజూ నా గడప ముందే గంట కొట్టేవాడు.

ఇంత కలుపుగోలు మనిషికీ ఒక గీత ఉండేది. వేరే దేవుళ్లకు పెట్టినది ఆమె నోట పెట్టేది కాదు. పెరటాసి నెలలో తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకొని కొండకు నడిచిపోయే జనం మా కూడలి మీదుగా పోతారు. అక్క రోడ్డు పక్కన నీళ్ల కుండ, మజ్జిగ కుండ పెట్టేది. కాళ్లు బొబ్బలెక్కినవాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి వేన్నీళ్లు పోసేది. వాళ్లు గోవిందా అంటే ఆమె గోవిందా అనేది కాదు, నవ్వేది. "అలిపిరి ఇంకెంత దూరమమ్మా?" అని ఎవరు అడిగినా ఒకటే జవాబు. "నడిచింది ఎక్కువ, ఉండేది తక్కువ." అలిపిరి అక్కడి నుంచి ఎంత దూరమో ఆమెకు తెలియక కాదు.

తిరుగుదారిలో వాళ్లలో కొందరు బస్సు దిగి మరీ ఆమెకు లడ్డు ఇచ్చి పోయేవాళ్లు. రెండు చేతులతో తీసుకునేది. బస్సు కనుమరుగయ్యాక తెచ్చి నా చేతిలో పెట్టేది.

"ఇది నీది."

"ఒక ముక్క నోట్లో ఏసుకుంటే ఏమవతాదక్కా?"

"ఏమీ కాదు. కానీ నేను మాటిచ్చినా."

అంతే. ఆ లడ్డు మీద ఆమెకు అసహ్యం లేదు, ఆశా లేదు. నాకు మాత్రం ఆమె ముందు కూర్చుని తింటూ ఉంటే, మాట అంటే ఏమిటో అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు ఉండేది.

ఆమె వంటింటి మూలన ఒక మట్టి ముంత ఉండేది, పైన తెల్లగుడ్డ కప్పి. అన్నానికి బియ్యం కడిగే ముందు ఒక గుప్పెడు తీసి అందులో వేసేది. మందిరానికి పోయే ఆడవాళ్లందరూ ఇళ్లల్లో అట్లా దేవుడి పేరున తీసిపెడతారు. నెలాఖరు ఆదివారం తీసుకుపోయి మందిరంలో పోస్తే, ఆ బియ్యం తినడానికి లేనివాళ్లకు పోతాయి. ఇంట్లో రెండు గుప్పిళ్లే మిగిలిన రోజు కూడా అక్క అందులో ఒకటి తీయడం నా కళ్లతో చూశాను. "ముందు ఆయనకి. మిగిలింది మనకి. సాలకపోతే బాయిలో నీళ్లు ఉండాయి" అనేది.

తొమ్మిదేళ్ల కిందట, ఎండాకాలంలో, అక్క చింతపండు కొట్టం మెట్ల మీద జారిపడింది. తొడ ఎముక విరిగింది. తిరుపతికి తీసుకుపోయి పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించారు. కూతురు ఆమె వెంట ఉండిపోయింది. ఇంటి తాళం నాకు ఇచ్చారు. ఆమె మళ్లీ నడవడం కష్టమని డాక్టర్లు అన్నట్టు తెలిసినప్పుడు మా ఊళ్లో గంగమ్మ జాతర జరుగుతోంది. జనం మధ్యలో నిలబడి నేను మొక్కుకున్నాను. అక్క తన కాళ్ల మీద నిలబడితే ఆమె పేరున నీకు పొంగలి పెడతాను తల్లీ అని.

కొన్నాళ్లకు కూతురు ఫోన్ చేసింది. అమ్మ కర్ర పట్టుకొని వార్డులో నాలుగు అడుగులు వేసింది, మంగళవారం ఇంటికి వస్తున్నాం అన్నది.

మంగళవారం అమ్మవారి రోజు. మొక్కు ఆ రోజే తీర్చాలనుకున్నాను. ఎవరికోసం మొక్కుకుంటే వాళ్ల ఇంటి బియ్యంతోనే పొంగలి పెట్టడం మా వాడుక. తాళం తీసి అక్క బియ్యం డబ్బా చూస్తే, నెల రోజులు ఎవరూ ముట్టక అన్నీ పురుగు పట్టి ఉన్నాయి. మూలన ముంత మాత్రం దాదాపు నిండుగా ఉంది. పడిపోకముందు ఆమె వేపాకు వేసి మూసినవి, ఒక్క పురుగు లేదు. అవి ఎందుకు తీసిపెట్టినవో నాకు తెలుసు. తెలిసే తీశాను. దేవుడికని పక్కన పెట్టినవాటి కంటే శుద్ధమైన బియ్యం ఈ ఇంట్లో ఏముంటాయి, దేవుడి బియ్యం దేవతకు పోతే ఇద్దరిలో ఎవరికి కోపం అనుకున్నాను. మనసులో ఒక్క ముల్లు కూడా గుచ్చుకోలేదు. తలస్నానం చేసి, ఒక్కపొద్దుతో ఉండి, ముంత మొత్తం వంచి పొంగలి పెట్టాను. వీధి వీధంతా తిన్నారు.

మధ్యాహ్నం అక్క వచ్చింది. ఆటో దిగి గడప దాకా కూతురి భుజం పట్టుకుంది. గడప దగ్గర ఆ చేయి తీసేసి, కర్ర మీద బరువు వేసి తానే దాటింది. కూతురు మందుల కోసం కూడలికి పోయింది. నేను పొంగలి గిన్నె మీద ఆకు మూసి తెచ్చాను.

"నీ ఇంటి బియ్యమే అక్కా. నీ కాలి కోసరం మొక్కుకున్నా. అమ్మ నిలబెట్టింది నిన్ను."

ఆమె చూపు మూలకు పోయింది. ముంత పక్కన తెల్లగుడ్డ మడిచి పెట్టి ఉంది. వంగి చూడాల్సిన పని లేదు. ఆమె ముఖం చూశాక నేను చేసిన పని ఏమిటో నాకు అర్థమైంది. చేతిలో గిన్నె బరువెక్కింది. ఆమె పెదాలు కదిలాయి, చింతకాయ కొట్టేటప్పటిలాగే.

తర్వాత నన్ను అడిగింది. "పొద్దుట్నించి ఏమన్నా తినినావా?"

"లేదక్కా. మొక్కు తీరినంకనే తినల్ల."

"తీరింది గదా. కూసో. తిను."

"నువ్వు?"

"నేను తినను మే. అది నీకి తెలుసు. నీ పక్కన కూసుంటా."

నేల మీద కూర్చోవద్దని డాక్టర్లు చెప్పి పంపిన మనిషి. వద్దక్కా అని నేను పట్టుకోబోతే నా చేయి పక్కకు పెట్టింది. గోడకు వీపు ఆనించి, పళ్లు బిగబట్టి, కొంచెం కొంచెంగా జారుతూ కిందికి దిగింది. కుట్లు పడిన కాలు చాపుకొని, చేతులు ఒడిలో పెట్టుకొని నా పక్కన కూర్చుంది. నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఏడుపుతో గొంతు దిగలేదు.

"నమిలి తిను. నెయ్యి బాగా పోసినావు, వాసన ఈడికి వస్తా ఉండాది" అన్నది.

గిన్నె ఖాళీ అయ్యేదాకా లేవలేదు.

నెలాఖరు ఆదివారం టీచరమ్మ ఇంకో ఇద్దరిని వెంటపెట్టుకొని వచ్చింది. ఈమె బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, మందిరంలో ఆడవాళ్లకు పెద్ద. అక్క నడవలేదు కాబట్టి ప్రార్థన చేసి, ముంత తామే తీసుకుపోదామని వచ్చారు. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. మాటలు వినిపిస్తున్నాయి.

"ఇదేంటమ్మా, బియ్యం ముంత అడుగున పడి ఉన్నాయి? నీ ముంత ఎప్పుడూ ఇట్లా చూడలేదే."

"ఈ తూరి లేవు టీచరమ్మా. వచ్చే నెల నింపుతా."

"మంచాన పడితే ఎవరికైనా ఇబ్బందే, కాదనను. కానీ దేవుడికని తీసింది మనం వండుకోకూడదు కదా."

అక్క మళ్లీ అదే మాట అన్నది. "వచ్చే నెల నింపుతా."

ఆ వారంలోనే మాట ఊరంతా పాకింది. దేవుడి బియ్యం తినేసిందట అని. అది చెవిన పడగానే తోముతున్న గిన్నెలు వదిలి, తడి చేతులతోనే అక్క దగ్గరికి పోయాను.

"నేను పోయి చెప్తానక్కా. నీ పేరు పోతా ఉండాది."

"పేరు ఆయనదని ఎన్ని తూర్లు చెప్పల్ల నీకి? నాది కానిది నాకెట్ల పోతాది?"

"తప్పు చేసినదాన్ని నేను."

"చేసినావు. నాకోసరం కడుపు మాడ్చుకొని చేసినావు. నువ్వు పోయి చెప్తే, దాన్ని వాళ్లు నవ్వులాట చేస్తారు. నీ అమ్మవారి పేరు ఆడ అందరి నోళ్లల్లో పడి నలుగుతాది. అది నాకి బాగుండదు. చెప్పనని మాటియ్యి."

ఇచ్చాను. గంగమ్మ ముందు పెట్టిన మెతుకు ఒక్కటి నాలుక మీద వేసుకోని మనిషి, ఆ గంగమ్మను చూసి ఎవరూ నవ్వకూడదని తన మీద దొంగ అన్న పేరు వేసుకుంది. దాన్ని ఎట్లా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. నా ఇంట్లో బియ్యం తెచ్చి ముంతలో పోస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. ఆ నెలంతా పూటకు రెండు గుప్పిళ్లు తీసింది. సగం కడుపుకు తిన్నది. నెలాఖరుకు ముంత మీద బియ్యం కుప్పగా నిలిచాయి. ఖాళీ ముంత గురించి మాట్లాడినవాళ్లు నిండు ముంత గురించి మాట్లాడలేదు.

ఇదీ నేను మోసుకొని పోయిన మాట.

కూడికలో పాటలు పాడారు, వాక్యం చదివారు. తర్వాత టీచరమ్మ లేచింది. అక్క ప్రార్థన గురించి, ఓపిక గురించి బాగానే చెప్పింది. ఆ తర్వాత అన్నది. "మనందరం బలహీనులమే. ఈ సహోదరి కూడా ఒకసారి మంచాన పడి, ఆకలికి ఓర్చుకోలేక దేవుని భాగం ముట్టుకుంది. అయినా ప్రభువు ఆమెను విడిచిపెట్టలేదు." ఆమె కుచ్చితంతో అనలేదు. దేవుడి దయ చూపిస్తున్నాననుకొని అన్నది. అందరూ తలలూపారు. చామంతుల మధ్య నుంచి అక్క చూస్తూ ఉంది.

నా వంతు ఇంకా రాలేదు. అయినా లేచాను.

"ఆ బియ్యం అక్క తినలా. నేను తీసినా. తీసి, అక్క కాలు నిలబడినందుకు గంగమ్మకి పొంగలి పెట్టినా."

వెనక వరసలో ఎవరో నవ్వారు.

"ఈ నవ్వుకే అక్క బయపడింది. ఆమె కోసరం కాదు, నా అమ్మవారి కోసరం. చెప్పొద్దని నా కాడ మాట తీసుకొని, ఆ చెడ్డపేరు తొమ్మిదేండ్లు ఆమే మోసింది. ఆ పొంగలి ఒక మెతుకు ఆమె ముట్టలా. నేను పస్తుండానని, ఇరిగిన కాలు పెట్టుకొని నా పక్కన నేల మీద కూసుని నా చేత తినిపించింది. ఆమెకిచ్చిన మాట ఈ దినం మీరినా. ఇంక నాకి చెప్పేది లేదు."

కూర్చున్నాను. నవ్వినవాళ్లు తల దించుకున్నారు. ప్రార్థన చేద్దామని అయ్యగారు లేచారు కానీ, ముందు పోయి ఆమె ఫోటో ఎదుట నిలబడ్డారు. అంతసేపూ ఆమె ఇచ్చిన గడియారం చప్పుడే వినిపించింది. కూతురు వచ్చి నా చేయి పట్టుకుంది.

భోజనాలు బయట షామియానా కింద పెట్టారు. అన్నం, మాంసం కూర. నాకు మంగళవారం ఒక్కపొద్దు, సాయంత్రం అమ్మవారికి దీపం పెట్టిన తర్వాతే తింటాను. అందరూ తిని పోయేదాకా ఉందామని చివర చాప మీద కూర్చున్నాను.

టీచరమ్మ విస్తరాకు పళ్లెం పట్టుకొని వచ్చింది. నా ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చుంది. అన్నం కలిపింది, ముద్ద చేసింది, మళ్లీ విప్పింది. ఎంత చేసినా ఆ చేయి నోటి దాకా పోవడం లేదు.

"తొమ్మిదేళ్లు" అన్నది. "ఎదురుపడినప్పుడల్లా నాకు ఆమే ముందు వందనం చెప్పేది."

కళ్లనీళ్లు పళ్లెంలో పడుతున్నాయి. తుడుచుకోవడానికి ఒక చేతిలో పళ్లెం, ఇంకో చేతికి అన్నం. పళ్లెం తీసి చాప మీద పెట్టబోయింది. నేను ఆపాను.

"పెట్టొద్దు టీచరమ్మా. పొద్దుట్నించి పాటలు పాడి ఉండారు. తినండి."

"నువ్వు?"

"నేను తినను. పక్కన కూసుంటా."

ఆమె ముద్ద ఎత్తింది. గొంతు దిగలేదు.

"నమిలి తినండి" అన్నాను.

ఆమె పళ్లెం ఖాళీ అయ్యేదాకా, చేతులు ఒడిలో పెట్టుకొని, ఊరికే కూర్చున్నాను.